జబ్బు పేరు తిట్టు కాకూడదు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి శుభాలు కురియుగాక!

ఈ నెల పాఠం నాలుకకు సంబంధించినది. అబద్ధం, చాడీ, గీబత్ పాపాలని మనందరికీ తెలుసు. అయితే పాపమని తోచకుండానే రోజూ మన నోట దొర్లే మాటలు కొన్ని ఉన్నాయి. అవి మనోవ్యాధుల పేర్లు. గుర్రంకొండ మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా మన ఇళ్ళలో ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటాం. అందుకే ఈ మాటలు కూడా మన దగ్గర రెండింతలు. ఒక భాషలో 'పాగల్', 'దీవానా' అయితే, మరో భాషలో 'పిచ్చి', 'మెంటల్'. చివరికి ఊళ్ళ పేర్లను కూడా మనం వదల్లేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, మద్రాసులో కీల్పాక్ అందరిలాంటి మనుషులే కాపురముండే పేటలు. అక్కడ మానసిక చికిత్సాలయాలు ఉన్నందుకు ఆ పేర్లే ఎగతాళి మాటలైపోయాయి.

ఇప్పుడు కొత్త మాటలు వచ్చి చేరాయి. నచ్చిన చీర దొరక్కపోతే 'డిప్రెషన్', గంటలో మాట మారిస్తే 'బైపోలార్', గిన్నెలు వరుసగా సర్దుకుంటే 'ఓసీడీ'. 2017లో వచ్చిన 'మహానుభావుడు' అనే తెలుగు సినిమాలో కథానాయకుడికి ఓసీడీ ఉంటుంది, నవ్వంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ పేరు ఎన్నడూ వినని ఇళ్ళలో కూడా అది నవ్వులాటగా ప్రవేశించింది. నవ్వులాటే కదా, ఇందులో నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం ఏమిటో తెలియాలంటే ముందు ఆ జబ్బు ఏమిటో తెలియాలి.

ఓసీడీ అంటే ఏమిటి?

శుభ్రంగా ఉండటం ఓసీడీ కాదు. శుభ్రత విశ్వాసంలో సగమని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఈ జబ్బులో సాధారణంగా రెండు విషయాలుంటాయి. మొదటిది, వద్దనుకున్నా పదే పదే వచ్చి మీదపడే ఆలోచన. రెండవది, ఆ ఆలోచన పుట్టించే ఆందోళన తగ్గడానికి మనిషి మళ్ళీ మళ్ళీ చేసే పని.

వజూనే ఉదాహరణగా తీసుకుందాం. ఒక ఇల్లాలు ఫజ్ర్ నమాజు కోసం వజూ మొదలుపెడుతుంది. మోచేయి తడిసిందా లేదా అని సందేహం. మళ్ళీ కడుగుతుంది. అంతలో ముఖం సరిగా కడిగానా అని మరో సందేహం. మొదటి నుంచి మొదలుపెడుతుంది. బిందె ఖాళీ అవుతుంది, సూర్యోదయం అయిపోతుంది. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో, అంటే రెండు చేతులూ కలిపి పట్టే దోసెడు నీటితో వజూ చేసేవారని ఆమెకు తెలుసు. చేయి తడిసిందనీ తెలుసు. తెలిసినా ఆగలేదు. శుభ్రత ఇష్టపడే మనిషికి ఇల్లు సర్దుకున్నాక తృప్తి కలుగుతుంది. ఈ రోగికి కలగనిది ఆ తృప్తే.

కొందరికి అల్లాహ్‌ను గురించి, ప్రవక్త (స)ను గురించి నోటితో చెప్పరాని ఆలోచనలు వస్తాయి. 'నేను ఈమాన్ పోగొట్టుకున్నానేమో' అని వారు లోలోపల కుమిలిపోతారు. మరికొందరు భర్తలకు, తలాఖ్ అనే మాట తమ నోట జారిందేమోనన్న భయం రోజంతా వెంటాడుతుంది.

అలాంటి ఇల్లాలు ఒకరోజు ధైర్యం తెచ్చుకుని, "ఆపా, నాకు ఓసీడీ ఉన్నట్టుంది" అని చెప్పిందనుకోండి. ఆపా నవ్వి, "నాకూ ఉందమ్మా, వంటిల్లు సర్దనిదే నిద్ర పట్టదు" అంటే ఆమె ఇంకేం చెబుతుంది? తన బాధ చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్ని మనం ముందే నవ్వులాటకు వాడేశాం. తిట్టుగా వాడితే రోగి సిగ్గుతో దాచుకుంటాడు, హాస్యంగా వాడితే చెప్పినా ఎవరూ నమ్మరు. రెండు దారుల్లోనూ రోగి ఒంటరివాడే అవుతాడు.

మన పెద్దలకు తెలిసిన బాధే

'వస్వసా' అనే మాట మనకు కొత్త కాదు. సూరయె నాస్‌లో దాని కీడు నుంచి అల్లాహ్ శరణు కోరుతున్నాం. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు క్రీ.శ. 934లో మరణించారు. శరీరానికీ మనసుకూ కలిసి ఆరోగ్య సూత్రాలు చెప్పిన తన గ్రంథంలో ఆయన వస్వసాను కోపం, భయం, దుఃఖాలతో పాటు మనసుకు కలిగే బాధగా లెక్కించి, దానికి ఉపాయాలు వివరించారు. వజూలో, నమాజులో అతి సందేహాలకు లోనయ్యేవారి గురించి క్రీ.శ. 1223లో మరణించిన ఇమామ్ ఇబ్ను ఖుదామా ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. అందరి మనసులోనూ అప్పుడప్పుడు మెదిలే సందేహం వేరు, మనిషి బతుకునే ఆక్రమించే ఓసీడీ వేరు. మొదటిదానికి శరణు వేడుకోలు, నిర్లక్ష్యం చాలు. రెండవదానికి దుఆతో పాటు వైద్యం కూడా కావాలి. ఆ రోగితో 'నీ ఈమాన్ బలహీనం', 'నీకు షైతాను పట్టాడు', 'నీళ్ళు వృథా చేసి పాపం మూటగట్టుకుంటున్నావు' అంటే ఆందోళన రెట్టింపవుతుందే తప్ప తగ్గదు. ఇవి కూడా 'మెంటల్' అన్నట్టు గాయపరిచే మాటలే. ధర్మం పేరుతో వస్తాయి కనుక మరింత లోతుగా దిగుతాయి.

దైవప్రవక్త (స) పద్ధతి

ఇలాంటివారితో దైవప్రవక్త (స) ఎలా మసలుకున్నారో గమనించండి. కొందరు సహాబాలు వచ్చి, నోటితో పలకడానికే భయపడే ఆలోచనలు తమ మనసులో మెదులుతున్నాయని మొరపెట్టుకున్నారు. ఆయన (స) వారిని గద్దించలేదు. ఆ ఆలోచనలకు అలా భయపడటమే స్పష్టమైన విశ్వాసమని ఓదార్చారు (ముస్లిం). నమాజులో వజూ పోయిందేమోనన్న సందేహంతో బాధపడే వ్యక్తి సంగతి చెప్పినప్పుడు, శబ్దం వినేవరకో వాసన తెలిసేవరకో నమాజు వదలవద్దని తేలికైన నియమం ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ఎక్కడా ఎగతాళి లేదు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన ప్రతి ఇంటా చెప్పుకోదగినది. బుద్ధి స్థిమితం లేని ఒక స్త్రీ దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి తనకు ఆయనతో పని ఉందన్నది. ఆయన (స) ఆమెను ఫలానా బిడ్డ తల్లీ అని గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో నిలబడి మాట్లాడాలో నిర్ణయించే అవకాశం ఆమెకే ఇచ్చారు. ఆమె పని ముగిసేదాకా ఆమెతో ఉన్నారు (ముస్లిం). మదీనా అంతటి బాధ్యత భుజాలపై ఉన్న మహనీయుడు ఆమె కోసం వీధిలో ఆగారు. ఆమెను పిలవడానికి ఆయన ఎంచుకున్నది జబ్బు పేరు కాదు, తల్లి అన్న గౌరవం.

ఇంకో సంగతి కూడా మరువరాదు. ఖురైషులు దైవప్రవక్త (స)పై విసిరిన నిందల్లో 'మజ్నూన్' ఒకటి. సూరయె హిజ్ర్, సూరయె ఖలమ్, సూరయె తక్వీర్‌లు దీనికి సాక్ష్యం. మనిషి మాటకు విలువ లేకుండా చేయాలంటే పిచ్చివాడని ముద్ర వేస్తే చాలునని వారికి తెలుసు. ఆ ఆయుధం విశ్వాసి చేతిలో ఉండవచ్చా?

నాలుకకు కొలత

సూరయె హుజురాత్ 11వ ఆయతులో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ ఆజ్ఞాపించాడు. స్త్రీలను ప్రత్యేకంగా పేర్కొని మరీ హెచ్చరించాడు. ఆ తరువాతి ఆయతు గీబత్‌ను నిషేధించింది. ఎదుట లేని మనిషిని గురించి అతనికి ఇష్టంలేని మాట చెబితే, అది నిజమైతే గీబత్, అబద్ధమైతే అపనింద అని హదీసు తేల్చి చెప్పింది (ముస్లిం). 'ఆ ఇంటి పిల్లకు మెంటల్ అంట, బెంగళూరులో చూపిస్తున్నారంట' అనే మాటను ఈ కొలతతో కొలవండి. నిజమైనా తప్పే, అబద్ధమైనా తప్పే. ఆ ఒక్క మాటతో ఎన్ని సంబంధాలు తప్పిపోతాయో పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దలకు తెలుసు. ఆ భయంతోనే ఎందరో తల్లిదండ్రులు బిడ్డను డాక్టరుకు చూపించకుండా దాచిపెడతారు. అయితే సంబంధం కుదుర్చుకునే ఇంటివారు నేరుగా వచ్చి అడిగితే నిజాయితీగా, అవసరమైన మేరకు చెప్పడం వేరు, వీధి అరుగు మీద కబురు చేయడం వేరు.

తల్లి ముద్దుగా 'పిచ్చి తల్లీ' అంటే అది హరామని మేము చెప్పడం లేదు. ప్రతి మాటకూ ఒక ఫత్వా అక్కర్లేదు. ఆ జబ్బుతో బాధపడే మనిషి మన పక్కనే కూర్చుని వింటున్నాడనుకోండి, అప్పుడు కూడా ఆ మాట అనగలమా? అనలేమనిపిస్తే మానేయాలి. నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో దాదాపు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఓసీడీ ప్రతి వెయ్యిమందిలో సుమారు 8 మందికి ఉంది. అంటే ఆ మనిషి నిజంగానే మన సఫ్‌లో, మన దస్తర్‌ఖాన్ దగ్గర ఉండవచ్చు. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్సకు దూరంగా ఉన్నారని కూడా ఆ సర్వే తేల్చింది.

లుఖ్మాన్ హకీమ్ సామెత

వహమ్‌కు మందు లుఖ్మాన్ హకీమ్ దగ్గర కూడా లేదని మన ఇళ్ళలో ఒక సామెత ఉంది. పెద్దలు నవ్వుతూ అంటారు. కాని జబ్బుతో ఉన్నవాడికి అది తీర్పులా వినిపిస్తుంది. దైవప్రవక్త (స) బోధ దీనికి భిన్నం. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగితే, చేయించుకోమన్నారు. ముసలితనం తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ చికిత్స సృష్టించాడని తెలిపారు (అబూదావూద్, తిర్మిజీ).

ఓసీడీకి చికిత్స ఉంది. మందులు ఉన్నాయి, అవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక మధ్యలో మానకూడదు. మందులు కాక, ఆందోళన కలిగించే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, పదే పదే చేసే పనిని ఆపుకోవడం నేర్పే చికిత్స ఉంది. 1966లో ఇంగ్లండులో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ నిపుణుడు దీనికి పునాది వేశారు. ఒక్కసారే వజూ చేసి లేవడం, సందేహం పీకుతున్నా తిరిగి నల్లా దగ్గరకు వెళ్ళకపోవడం. ఆందోళన మొదట పెరుగుతుంది, తరువాత దానంతటదే తగ్గుతుంది. వస్వసాను పట్టించుకోకపోవడమే దానికి మందు అని ఇమామ్ ఇబ్ను హజర్ హైతమీ శతాబ్దాల క్రితమే చెప్పారు. అయితే జబ్బు ముదిరినవారికి 'పట్టించుకోకు' అనే సలహా ఒక్కటే చాలదు. అది నేర్పే డాక్టరు, తోడుండే కుటుంబం కావాలి.

మన ప్రాంతమే ఒక పాఠం నేర్పుతోంది. క్షయ పేరు చెప్పడానికే జనం భయపడిన రోజుల్లో, 1915లో మదనపల్లె దగ్గర క్షయరోగుల శానిటోరియం ప్రారంభమైంది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. ఒక చికిత్సాలయం ఉన్న చోటు పేరులో ఆరోగ్యం నిలిచింది. మరో చికిత్సాలయం ఉన్న చోటు పేరు మన నోట తిట్టయింది. తేడా జబ్బులో లేదు, మన నోటిలో ఉంది.

మనం చేయవలసినది

ఇంట్లో పిల్లలు 'మెంటల్', 'పాగల్' అని తిట్టుకుంటే పెద్దలు అక్కడికక్కడే ఆపాలి. పెద్దలు తాము అనకుండా ఉంటేనే ఆ మాటకు బలం ఉంటుంది. సర్దుకునే అలవాటును సర్దుకునే అలవాటనే అనండి, విసుగును విసుగనే అనండి. తెలుగులో, ఉర్దూలో మాటలకు కొదవ లేదు.

ఎవరైనా తన మనసు బాగోలేదని చెబితే నవ్వకండి, ప్రసంగం మొదలుపెట్టకండి. ముందు పూర్తిగా వినండి. వజూలో, నమాజులో పదే పదే సందేహపడేవారికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును ఇమాములు మృదువుగా వివరించి, డాక్టరు దగ్గరకు కూడా పంపాలి. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గౌరవంగా బతికే హక్కును గుర్తించింది. ఆ గౌరవాన్ని దైవప్రవక్త (స) మదీనా వీధిలోనే ఆచరించి చూపారు.

ఓ అల్లాహ్! మా నాలుకలను ఎగతాళి నుంచి కాపాడు. మనోవ్యాధులతో బాధపడేవారికి స్వస్థత ప్రసాదించు. వారి మాట ఓపికగా వినే చెవులను, వారి గుట్టు కాపాడే హృదయాలను మాకు అనుగ్రహించు. ఆమీన్.