ఆ పిల్ల పాట గురించి నాలుగు మాటలు

ఏమ్మా, ఈ ఏడు త్యాగరాజ ఆరాధనకు మీ ఊళ్ళో ఎవరెవరు పాడారు? పుష్య బహుళ పంచమి వచ్చిందంటే మన ఊళ్ళలో గుళ్ళూ, కల్యాణ మండపాలూ, సంగీత కళాశాలలూ పాటతో నిండిపోతాయి కదా. పొద్దున్న పంచరత్న గోష్ఠి, ఆ తర్వాత పిల్లల పాటలు, సాయంత్రం పెద్దవాళ్ళ కచేరీలు. గోష్ఠికి జనం వస్తారు. సాయంత్రం కచేరీకీ వస్తారు. మధ్యాహ్నం పిల్లలు పాడే వేళకే కుర్చీలు ఖాళీ. పాడుతున్న పిల్ల అమ్మానాన్నలూ, తర్వాత పాడబోయే పిల్లల అమ్మానాన్నలూ తప్ప మిగతా అందరూ భోజనాల దగ్గరే ఉంటారు. ఈసారి మీతో ఆ మధ్యాహ్నం పాటల గురించే మాట్లాడాలని ఉంది.

మా దగ్గర ఒక అమ్మాయి పాడింది. పేరు చెప్పను, చదువుకుంటున్న పిల్ల. ఇంటర్ రెండో ఏడు, పదిహేడేళ్ళు ఉంటాయేమో. వర్ణం పాడి, చిన్న కృతి ఒకటి పాడి, సహాన రాగంలో ‘గిరిపై నెలకొన్న’ ఎత్తుకుంది. నా గుండె గుభేలుమంది. ఆ కృతి సంగతి మీకు తెలిసే ఉంటుంది. త్యాగరాజ స్వామి చివరి రోజుల్లో పాడుకున్నదని చెబుతారు. కొండ మీద కొలువైన రాముణ్ణి కళ్ళారా చూశానని, ఆ ఆనందంలో మాట్లాడబోతే నోట మాట పెగల్లేదని, పది పూటల్లో కాపాడతానని రాముడు మాట ఇచ్చాడని అందులో చెప్పుకున్నారు. 1847 జనవరి 6న ఆయన సిద్ధి పొందారు. అప్పటికి 79 ఏళ్ళు నిండాయి. అంత పండిన మనిషి లోకం నుంచి సెలవు తీసుకుంటూ పాడుకున్న పాటను, బొట్టు బిళ్ళ సర్దుకుంటూ వేదికెక్కిన ఈ పిల్ల ఏం పాడగలదు అనుకున్నాను.

పాడింది. పల్లవి మెల్లగా ఎత్తుకుంది. ఆ అమ్మాయి గొంతులో చిన్న జీర ఉంది. కొందరికి అది నచ్చదు, నాకు నచ్చింది. సహానలో గాంధారాన్ని అలా తాకి రిషభం మీదికి దిగి నిలబడే చోటు ఉంటుంది చూడండి, రాగం అంతా అక్కడే ఉందనిపించే చోటు. అక్కడ ఆ పిల్లకు తొందర లేదు. సంగతులన్నీ ఒకదాని వెంట ఒకటి వేసి, చివర మళ్ళీ మొదటి వరసనే, ఏ అలంకారమూ లేకుండా, గొంతు బాగా తగ్గించి పాడింది. గురువుగారు నేర్పిందే అయివుండొచ్చు. నేర్పిందే అయినా, కొండ మీద రాముణ్ణి ఇప్పుడే చూసి వచ్చి మనకు చెబుతున్నట్టు వచ్చింది. మాట మాటా అర్థమై పాడుతోందని వింటుంటేనే తెలుస్తోంది. ఎంత విద్వత్తు ఉన్నా తెలుగు రాని గాయకులు కష్టపడి తెచ్చుకోవలసిన దాన్ని మన పిల్ల పుట్టింట్లోంచే తెచ్చుకుంది.

దోషాలు ఉన్నాయి, దాచను. పై షడ్జం దాటి రిషభం మీద నిలవాల్సి వచ్చేసరికి గొంతు సన్నబడిపోయి శ్రుతి వెంట్రుకవాసి కిందికి దిగింది. ఊపిరి చాలక ఒక మాటను మధ్యలో విరిచింది. స్వరకల్పనలో ఉత్సాహం ఎక్కువై కాలం పరిగెత్తింది. ఒకచోట ఎత్తుగడకు అర అక్షరం ముందే వచ్చి పడింది. మృదంగం మీద ఉన్న పెద్దాయన ఆ పిల్ల తాళం వేస్తున్న చేతి వంక ఒక్కసారి చూసి, చిన్న ముక్తాయింపు వాయించి సర్దేశారు. ఎంత మంచి మనిషో! పక్కవాద్యం అంటే అదీ.

నా పక్కన కూర్చున్నావిడ సంగీతం బాగా తెలిసినావిడ. పాట సాగినంతసేపూ వేళ్ళు మడుస్తూనే ఉన్నారు. “శ్రుతి తగ్గింది, చూశారా” అన్నారు. కాసేపాగి “లయ లేదు” అన్నారు. చివర్న “ఇంకో రెండేళ్ళు ఆగి ఎక్కించాల్సింది” అన్నారు, ముందు వరసకు వినబడేలా. ఆవిడ పట్టుకున్న తప్పుల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ రిషభం మీద ఆ పిల్ల నిలబడ్డ తీరు ఆవిడ చెవిన పడనే లేదు. అరగంట కూర్చుని, పాటలో లేనిదాన్నే విని లేచి వెళ్ళారు. నాకు బాధ కలిగింది అందుకే.

అక్కచెల్లెళ్ళూ, ఆ వయసు గొంతు ఎలా ఉంటుందో కొంచెం తెలుసుకుని వింటే బాగుంటుంది. మగపిల్లల గొంతు బొంగురుపోవడం అందరికీ తెలుసు. ఆడపిల్లల గొంతు కూడా ఈడొచ్చాక మారుతుంది. పైకి అంతగా తెలియదు గనక ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్ళపాటు పై స్థాయిలో గాలి కలిసినట్టు వినబడుతుంది, నిన్న అందిన స్వరం ఇవాళ అందదు. పిల్లకే ఏమైందో అర్థం కాక బెంగపెట్టుకుంటుంది. గొంతు కుదురుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది, దాన్ని తొందరపెట్టడానికి లేదు. ఆవకాయ పెట్టిన మూడోనాడు జాడీ మూత తీసి, ముక్క ఊరలేదని ఎవరైనా కోప్పడతారా?

శ్రుతి సంగతి ఇంకొకటి. మన ఆడవాళ్ళు మామూలుగా ఐదు శ్రుతికి కాస్త అటూ ఇటూగా పాడతారు. అందరి గొంతూ ఒకటి కాదు. పాఠం చెప్పే చోట పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒకే శ్రుతి పెట్టి పాడిస్తారు. కొందరికి అది సరిపోతుంది, కొందరు పైకి ఎగబాకలేక గొంతు నొక్కి పాడటం అలవాటు చేసుకుంటారు. తర్వాత వేదిక మీద ఆ నొక్కుడు వినబడితే మనం పిల్లనే అంటాం. మీ పిల్ల సంగీతం నేర్చుకుంటుంటే, ఏ శ్రుతిలో హాయిగా కింది పంచమం నుంచి పై పంచమం దాకా తిరగగలుగుతోందో గురువుగారిని ఒకసారి విడిగా చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఆ అమ్మాయి లయ సంగతి. పాట అయ్యాక వాళ్ళమ్మతో మాట్లాడితే తెలిసింది. వర్ణాలు నేర్చుకునే రోజుల్లోనే కరోనా వచ్చిపడింది. 2020లో పాఠం ఫోనులోకి మారింది. ఆన్‌లైన్‌లో గురువుగారి గొంతు ఇక్కడికి చేరడానికి కొంత ఆలస్యం అవుతుంది, మన గొంతు అక్కడికి చేరడానికి మరికొంత. అందుచేత ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. గురువు పాడి ఆపాలి, శిష్యురాలు తిరిగి పాడాలి. పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తూ, పరిగెడితే ఒక చూపుతో పట్టి ఆపే మనిషి లేరు. వర్ణం మూడు కాలాల్లో పాడి పాడి కాలం ఒంటపట్టించుకోవలసిన వయసులో ఆ పిల్ల ఒంటరిగా గోడకెదురుగా కూర్చుని పాడుకుంది. ‘లయ లేదు’ అని ఒక్క మాటలో తేల్చేసిన దాని వెనక ఇంత కథ ఉంది. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లల్లో ఎంతోమంది ఇప్పటికీ ఇక్కడి గురువుల దగ్గర ఇలాగే నేర్చుకుంటున్నారు. వాళ్ళు సెలవులకు వచ్చి పాడినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకుని వినండి.

మన చెవులు కూడా కొంచెం చెడ్డాయమ్మా. ఇప్పుడు వినే పాటల్లో చాలా వాటిని ముక్కలు ముక్కలుగా పాడించి, బాగా వచ్చిన ముక్కలు అతికి, జారిన స్వరాన్ని కంప్యూటర్‌లో సరిచేసి మనకిస్తున్నారు. పొద్దస్తమానం అలాంటి నునుపైన గొంతులే విని విని, ఎదురుగా కూర్చుని ఊపిరి పీల్చుకుంటూ పాడే మనిషి గొంతు మనకు లోపంగా వినబడుతోంది. పాత కచేరీల రికార్డింగులు పెట్టుకుని వినండి. దగ్గు వినిపిస్తుంది, తంబురా మళ్ళీ సవరించుకోవడం వినిపిస్తుంది. మహామహుల గొంతులు కూడా ఒక్కొక్కప్పుడు మొరాయిస్తాయి. ఆ పాటల మీద మనకేమైనా ప్రేమ తగ్గిందా?

గొంతు బాగున్నవాళ్ళే సంగీతాన్ని నిలబెట్టారనీ అనుకోవద్దు. శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ గారి గొంతు పుట్టుకతో తీయనిది కాదు. చిన్ననాట ఆ గొంతు విని పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆయన సాధన చేసి చేసి, ఆ గొంతుతోనే 1947లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అయ్యారు. అప్పటికి నలభై కూడా నిండలేదు. మన శ్రీపాద పినాకపాణి గారి సంగతి చూడండి. వృత్తికి డాక్టరు, కర్నూలులో స్థిరపడ్డారు. కచేరీల కంటే పాఠం చెప్పడంతోనే ఆయనకు ఎక్కువ పేరు. నేదునూరి కృష్ణమూర్తి గారూ, వోలేటి వెంకటేశ్వర్లు గారూ, నూకల చినసత్యనారాయణ గారూ ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్ళే. ఒక్క గొంతు తీపి చూసే మార్కులు వేసి ఉంటే మన కర్ణాటక సంగీతం ఎంత పోగొట్టుకునేదో!

తప్పు చెప్పొద్దని నేననడం లేదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు టీవీలో ‘పాడుతా తీయగా’ నడిపినప్పుడు తప్పు చెప్పకుండా వదిలేవారా? వదిలేవారు కాదు. ముందు, పాడిన పిల్ల ఏ చోట బాగా పాడిందో ఆ చోటు పేరు పెట్టి చెప్పేవారు. తర్వాత ఎక్కడ జారిందో తాను పాడి చూపించేవారు. ఆ పిల్ల తల ఊపి, నవ్వుతూ వెళ్ళేది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని తానే పదేపదే చెప్పుకున్న ఆయనే ‘శంకరాభరణం’ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. నేర్చుకుంటున్న గొంతును ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలుసు.

అలాగని ఏది పాడినా ‘అద్భుతం, అమోఘం’ అని శాలువా కప్పేయడం కూడా నాకు నచ్చదు. అలా అన్నవాళ్ళు నిజంగా విన్నారో లేదో పిల్లలకు తెలిసిపోతుంది. పిల్లలు మహా తెలివైనవాళ్ళు. “సహానలో ఆ కింద రిషభం దగ్గర ఆగావే, అది నాకు ఇంకా చెవుల్లో ఉంది” అని చెప్పండి, ఆ పిల్ల ముఖం చూడండి. అలా చెప్పాలంటే మనం విని ఉండాలి. రాగం పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, “ఆ పాటలో ఫలానా మాట దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి” అన్నా చాలు. శ్రుతి తగ్గిందనీ, కాలం పరిగెత్తిందనీ చెప్పే పని గురువుగారిది. ఇంటికెళ్ళాక ఆయన చెబుతారు, తంబురా ముందు కూర్చోబెట్టి చెబుతారు. మెట్ల దగ్గర నిలబడి మనం చెప్పనక్కర్లేదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మన ఆడపిల్లలు సంగీతం మానేసేది సరిగ్గా ఈ వయసులోనే. పదో తరగతి అయిందంటే ‘ఇంక పాటలు చాలు, ఎంట్రన్స్ పరీక్ష ఉంది’ అంటారు ఇంట్లో. కాలేజీ హాస్టలుకు తంబురా పట్టుకెళ్ళే పిల్ల ఎక్కడుంది? ఆరేడేళ్ళు సరళీస్వరాల నుంచి కృతుల దాకా వచ్చినవాళ్ళు, గొంతు కుదురుకోవడానికి ఇంకొక రెండు మూడేళ్ళు ఉందనగా ఆపేస్తారు. మానేయడానికి ఒక సాకు దొరికితే చాలు. ఆ అమ్మాయి వేదిక దిగి రాగానే వాళ్ళమ్మను అడిగిన మొదటి మాట “ఎవరైనా ఏమైనా అన్నారా?” అనిట. బాగా పాడానా అని అడగలేదు. ముందు వరస దాకా వెళ్ళిన మాట, పాడుతున్న పిల్ల దాకా కూడా వెళ్ళిందేమోనని నా అనుమానం. వాళ్ళమ్మ మాత్రం ఎవరూ ఏమీ అనలేదనే చెప్పింది. నేను వెళ్ళి ఆ రిషభం సంగతి చెప్పాను. “నిజంగానా ఆంటీ? మా గురువుగారు అక్కడే నెల రోజులు పాడించారు” అంది.

వచ్చే ఆరాధననాడు భోజనం కాస్త ముందే ముగించుకుని పిల్లల పాట వేళకు వచ్చెయ్యండి. వెనక వరసలో కాదు, ముందు కూర్చోండి. ఫోను సంచీలో పెట్టెయ్యండి. తని ఆవర్తనం మొదలవగానే లేచి వెళ్ళకండి, మృదంగం వాయించే పిల్లాడికీ అమ్మ ఉంటుంది. పాట అయ్యాక ఒక్కరి దగ్గరికైనా వెళ్ళి, మీకు నచ్చిన చోటేదో ఒకటి చెప్పి రండి. మీ ఊళ్ళో అలాంటి గొంతు వినబడితే నాకూ ఉత్తరం రాయండి, ఏ రాగం పాడిందో రాయడం మరిచిపోకండి.