నకలును పట్టించిన గీతలు

మోటారు పందేలలో ర్యాలీది వేరే దారి. ఇందులో కార్లన్నీ ఒక్కసారిగా బయలుదేరవు. ఒకదాని తరువాత ఒకటిగా కంకర మీద, బురద మీద, మంచు మీద పరుగెత్తుతాయి. ఎవరికి తక్కువ కాలం పడితే వారిదే గెలుపు. 1995లో ఈ పందేలలో ప్రపంచ విజేత అయిన స్కాట్లండు డ్రైవరు కాలిన్ మెక్‌రే పేరుతో, బ్రిటన్‌లోని కోడ్‌మాస్టర్స్ కంపెనీ 1998లో ఒక వీడియో ఆట విడుదల చేసింది.

ఆటే గదా అనుకోకండి! ఇటువంటి ఆటలలో మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమంతా ఉంటుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే కారుకు బ్రేకు వేశామనుకోండి. ఆగేలోపల అది పోయే దూరం కావాలంటే, వేగం వర్గాన్ని ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ గల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి. ఘర్షణ గుణకం పొడి తారురోడ్డు మీద 0.8 అనుకుంటే సుమారు 25 మీటర్లు వస్తుంది. కంకర మీద 0.5 అనుకుంటే 41 మీటర్లు. గడ్డకట్టిన మంచు మీద 0.1 అయితే 204 మీటర్లు! కంప్యూటరు ఇటువంటి లెక్కలను నాలుగు చక్రాలకూ విడివిడిగా, సెకనుకు ఎన్నోసార్లు చేస్తూ ఉండాలి. అందుకు కావలసిన ప్రోగ్రాము రాయడానికి ఎందరో కలిసి నెలల తరబడి శ్రమపడతారు.

ఆ శ్రమంతా చివరకు సున్నాలు, ఒకట్లుగా మారి ఒక డిస్కు మీదికి చేరుతుంది. చిక్కు అక్కడే మొదలయింది. పాటల క్యాసెట్టును చూసి క్యాసెట్టు తీస్తే ప్రతిసారీ ధ్వని కొంత చెడేది. అంకెలకు ఆ బాధ లేదు. సున్నాను సున్నాగా, ఒకటిని ఒకటిగా రాస్తే నూరవ నకలు కూడా అసలుతో సమానమే. మరి యంత్రం దొంగ డిస్కును గుర్తుపట్టడం ఎలా?

సోనీ కంపెనీ తన ప్లేస్టేషన్ యంత్రానికి ఒక ఉపాయం చేసింది. డిస్కు మీద సమాచారం చిన్న చిన్న గుంటల వరుసగా ఉంటుంది. వరుసకూ వరుసకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లే, ఒక వెంట్రుక మందంలో నలభై వరుసల దాకా పడతాయన్నమాట. ఫ్యాక్టరీలో అచ్చువేసేటప్పుడే డిస్కు మొదటి భాగంలో ఆ వరుసను అటూ ఇటూ కొంచెం వంకరగా పోనిచ్చారు. ఆ వంకరలోనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలను దాచారు. లేజరు కిరణం వరుసను వెంబడించేటప్పుడు యంత్రం ఆ కదలికను పసిగడుతుంది. నకలు తీసే పరికరం రాసేది అంకెలను మాత్రమే. దారి వంకరను అది రాయలేదు. అసలు డిస్కు కాదని తెలియగానే యంత్రం ఆట మొదలుపెట్టదు. అయితే దొంగలు ఊరుకుంటారా? ఆ నాలుగు అక్షరాలను తామే యంత్రానికి అందించే చిన్న చిప్పును తయారుచేసి లోపల అతికించారు.

కోడ్‌మాస్టర్స్ వాడిన మరో పద్ధతి, నా దృష్టిలో, ఇంకా తెలివైనది. కంప్యూటరు డిస్కు మీద గీతలు పడినా సమాచారం పోకుండా ఏర్పాటు ఉంటుంది. ప్రతి 2,352 బైట్లలో అసలు సమాచారం 2,048 బైట్లే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం తప్పులను కనిపెట్టి సరిదిద్దుకోవడానికే. ‘ఫేడ్’ అనే ఈ పద్ధతిలో డిస్కు మీద గీతల వలె కనిపించే తప్పులను కావాలనే ఒక క్రమంలో పెట్టారు. నకలు తీసే కంప్యూటరు, పాపం, వాటిని శ్రద్ధగా సరిదిద్దేస్తుంది! తరువాత ఆట ఆ తప్పుల కోసం వెతుకుతుంది. అవి కనిపించకపోతే నకలేనని తేలినట్లే. హోంవర్కు కాపీ కొట్టినవాణ్ణి మేము తప్పులను బట్టి పట్టుకుంటాం. ఇక్కడ తప్పులు లేకపోవడమే పట్టించింది. అయినా ఆట వెంటనే ఆగదు. అదే కంపెనీ 2001లో విడుదల చేసిన ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ అనే యుద్ధపు ఆటలో, నకలు డిస్కుతో ఆడేవాడి తుపాకి గురి క్రమంగా తప్పుతూ వచ్చేది.

ఇటువంటి తాళాలతో ఒక్కొక్కప్పుడు నిజాయితీపరులకే నష్టం కలుగుతుంది. ‘సేఫ్‌డిస్క్’ అనే తాళం వేసిన ఆటలు చాలా వచ్చాయి. 2015లో వచ్చిన విండోస్ 10, భద్రతకు ముప్పని ఆ తాళాన్ని నడవనివ్వలేదు. డబ్బిచ్చి కొన్నవాడి డిస్కు ఆడలేదు. తాళం విరిచిన నకలు దగ్గరున్నవాడికి ఆ ఇబ్బంది లేదు.

మన దేశంలో 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కాపీరైటు చట్టం కిందికి వచ్చాయి. న్యాయంగా కొన్నవాడు, డిస్కు పోతే, పాడైతే పనికివస్తుందని తనకోసం ఒక నకలు తీసి దాచుకోవచ్చునని అదే చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. దానిని పదిమందికీ పంచడానికి మాత్రం వీలులేదు. కాని తాళం ఉన్న డిస్కుకు ఈ తేడా తెలియదు. చట్టం ఒప్పుకున్న నకలును కూడా అది దొంగ నకలుగానే చూస్తుంది.