రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక: ఎక్కువకాలం బతకడం దేనిమీద ఆధారపడుతుంది?

రాజీవ్ ఆరోగ్యశ్రీ అవగాహన పాఠం – సంతోష్‌నగర్, పరిసర బస్తీల కుటుంబాల కోసం

ఆపరేషన్ అయింది. కీమో అయింది. కరెంటు పెట్టడం (రేడియేషన్) కూడా అయింది. ఇక గండం గడిచింది అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామంది విషయంలో ప్రమాదం అక్కడితో పూర్తిగా పోదు. తర్వాతి ఐదేళ్లు, పదేళ్లు మనం చేసే పనులు కూడా ప్రాణాన్ని కాపాడతాయి.

1. ఏ దశలో బయటపడింది?

అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే. 2012–2015 మధ్య క్యాన్సర్ బయటపడిన మహిళలపై మన దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలు లెక్క తీశాయి. గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు తెలిసినవారిలో ఐదేళ్ల తర్వాత 100కి 81 మంది బతికి ఉన్నారు. చంక గ్రంథుల వరకు పాకినవారిలో ఇది సుమారు 65. ఇతర అవయవాలకు పాకినవారిలో 18 మాత్రమే.

"ముక్క తీస్తే పాకుతుంది" అనే భయంతో బయాప్సీ వాయిదా వేయొద్దు. ఆ పరీక్ష లేకుండా సరైన చికిత్స మొదలవదు.

2. ఏ రకం క్యాన్సర్?

బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని ఉంటాయి. మందులు వీటినిబట్టే రాస్తారు.

- ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్: హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. ఈ రకం పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు.
- హెర్2 పాజిటివ్: ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు, సాధారణంగా ఒక సంవత్సరం.
- మూడూ నెగెటివ్: తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే. అప్పుడు చెకప్‌లు అస్సలు మానొద్దు.

3. మధ్యలో ఆపారా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలకు మూడు లక్ష్యాలు పెట్టింది: 60 శాతానికి పైగా కేసులు తొలి దశల్లోనే బయటపడాలి, డాక్టరు దగ్గరికి వచ్చిన 60 రోజుల్లో నిర్ధారణ కావాలి, 80 శాతం మంది చికిత్స పూర్తిచెయ్యాలి. రెండు కీమోలకే గడ్డ తగ్గిందని ఆపేస్తే, కంటికి కనిపించని కణాలు మిగిలిపోతాయి.

4. రోజుకొక మాత్ర

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది దీన్నే. ఈఆర్ పాజిటివ్ ఉన్నవారు టామోక్సిఫెన్ ఐదేళ్లు వాడితే, 15 ఏళ్ల కాలంలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. కొందరికి డాక్టర్లు పదేళ్లు రాస్తారు.

ఒంట్లో ఆవిర్లు, కీళ్లనొప్పులు వస్తే చాలామంది చెప్పకుండా మానేస్తారు. మానకండి, డాక్టరుకు చెప్పండి, మందు మార్చే వీలుంటుంది. నెలసరి కాని రక్తస్రావం కనిపిస్తే వెంటనే చూపించుకోండి. టామోక్సిఫెన్ వాడుతుండగా గర్భం రాకూడదు.

రంజాన్ నెలలో ఆపాల్సిన పని లేదు. రోజుకి ఒకేసారి వేసుకునే మాత్రే కాబట్టి సహరీ లేదా ఇఫ్తార్ వేళకు మార్చుకోవడం గురించి డాక్టరును అడగండి. పుట్టింటికి వెళ్తే సరిపడా మాత్రలు సంచిలో పెట్టుకోండి.

5. చెకప్, బరువు, నడక

మొదటి మూడేళ్లు 3–6 నెలలకోసారి, ఐదేళ్ల వరకు 6–12 నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి డాక్టరును కలవాలి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ చేయించుకోవాలి. బరువు పెరగకుండా చూసుకోండి, రోజూ నడవండి. చెయ్యి వాస్తే, ఎముకల నొప్పి, ఆయాసం తగ్గకపోతే తర్వాతి తేదీ దాకా ఆగొద్దు.

ఆరోగ్యశ్రీ ఎలా ఉపయోగపడుతుంది?

2023 డిసెంబర్ 9 నుంచి ఒక్కో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం అందుతుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి.

- అనుమానం ఉంటే ముందు దగ్గరలోని బస్తీ దవాఖానాకు వెళ్లండి.
- ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి: ఎంఎన్‌జే, రెడ్ హిల్స్, లక్డీకాపూల్. 1955 నుంచి సేవలందిస్తోంది.
- రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఫోన్లో ఫోటోలు కూడా తీసుకోండి.
- ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "చికిత్స అయ్యాక మాత్రలు, చెకప్‌లు ఎలా అందుతాయి?"
- సందేహాలకు 104కి ఫోన్ చెయ్యండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట: అమ్మకి, అక్కకి, భార్యకి ఈరోజు మాత్ర వేసుకున్నావా అని అడగండి. చెకప్ తేదీ మీరు గుర్తుపెట్టుకోండి. తోడు వెళ్లండి.