గీతకు చోటివ్వు

చిరంజీవి తమ్ముడికి,

చైనీస్ పుస్తకాలు చదివే యాప్ పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఇంగ్లీషు పేజీకి పెట్టిన కొలతలే దీనికీ సరిపోతాయా అని అడిగావు. సరిపోవురా. ఎందుకో చెబుతాను.

చైనీస్‌లో ప్రతి అక్షరానికీ ఒకే కొలత చదరపు గడి. ‘ఒకటి’ అనే మాటకు ఒక్కటే అడ్డగీత, దానికీ అదే గడి. పాత పద్ధతిలో రాసే ‘డ్రాగన్’కు పదహారు గీతలు, దానికీ అదే గడి. 1956లో చైనా ప్రకటించిన సరళ లిపిలో డ్రాగన్ ఐదు గీతలకు తగ్గింది కానీ తైవాన్, హాంకాంగ్ పాఠకులు ఇప్పటికీ పదహారు గీతలదే చదువుతారు. కాబట్టి సైజు చాలుతుందో లేదో గీతలు కిక్కిరిసిన అక్షరాలతోనే పరీక్షించు. తక్కువ గీతలున్నవాటినీ తేలిగ్గా తీసుకోకు. ‘వెయ్’ అంటే ఇంకా కాలేదని, ‘మో’ అంటే చివర అని అర్థం. రెండింటిలోనూ అవే ఐదు గీతలు. పై అడ్డగీత పొట్టిదైతే వెయ్, పొడుగైతే మో. చిన్న సైజులో ఆ తేడా అణిగిపోతే అర్థమే తారుమారవుతుంది.

ఇక ఫాంట్. పుస్తకాల్లో కనిపించే ‘సోంగ్’ శైలి చెక్క దిమ్మల అచ్చు నుంచి పుట్టింది. నిలువు గీతలు లావు, అడ్డగీతలు సన్నం. కాగితం మీద చక్కగా ఉండే ఆ సన్నగీతను పాత తెరలు చూపలేకపోయాయి. అందుకే ఆ శైలిలోని సిమ్‌సన్ ఫాంట్‌లో చిన్న సైజులకు చుక్కలు పేర్చిన అక్షరాలను విడిగా పొదిగారు. తర్వాత విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ యాహెయ్, 2015లో ఆపిల్ పింగ్‌ఫాంగ్ వచ్చాయి. రెండూ గీతలన్నీ దాదాపు ఒకే మందంగా ఉండే ‘హెయ్’ శైలివి. మెనూలకు, బటన్లకు హెయ్ వాడు. ఇప్పటి ఫోన్ తెరలు సన్నగీతను నిలబెడతాయి కనుక, నవల చదివేవాళ్లకు కాస్త పెద్ద సైజులో సోంగ్ కూడా ఇవ్వు.

అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ. చైనీస్‌లో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. అక్షరాలన్నీ చదరాలే కావడంతో, వరుసలు దగ్గరగా ఉంటే చూపు పక్కకు పోవాలో కిందికి దిగాలో తేల్చుకోలేదు. పైగా శతాబ్దాలపాటు పైనుంచి కిందికి రాసిన లిపి అది. వరుసల ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దగ్గర మొదలుపెట్టి, పెంచుతూ చూడు. మన తెలుగు ఒత్తులు కింది వరుసకు తగిలితే నువ్వెంత విసుక్కుంటావో గుర్తుంది కదా, అదే ఇబ్బంది వాళ్లకు పెట్టకు.

నొక్కి చెప్పాలని అక్షరాన్ని పక్కకు వాల్చకు. అక్కడి పుస్తకాల్లో అందుకు అక్షరాల కింద చుక్కలు పెడతారు. కామాకు, వాక్యం చివరి చిన్న సున్నాకు కూడా ఒక్కో గడి ఉంటుంది. అవి వరుస మొదట్లో పడకుండా చూసుకో.

పేజీ ఏ భాషదో కోడ్‌లో తప్పకుండా రాయి. యూనికోడ్ చైనా, జపాన్ అక్షరాలు చాలావాటికి ఒకే సంఖ్య ఇచ్చింది. ‘ఎముక’ అనే అక్షరం పైభాగంలో ఉండే చిన్న మూల చైనాలో ఎడమవైపు, జపాన్‌లో కుడివైపు ఉంటుంది. భాష చెప్పకపోతే బీజింగ్ పాఠకుడికి జపాన్ రూపం కనిపించవచ్చు. అడోబీ, గూగుల్ కలిసి 2014లో ఉచితంగా విడుదల చేసిన సోర్స్ హాన్ సాన్స్‌లో ఈ ప్రాంతీయ రూపాలన్నీ విడివిడిగా ఉన్నాయి. దాన్ని తెరిచి పక్కపక్కన పెట్టి చూడు.

చివరగా ఒక్కటి. విడుదలకు ముందు చైనీస్ చదివే ఒక పెద్దాయన చేతికి ఫోన్ ఇచ్చి, అరగంట పక్కనే కూర్చో. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్న ప్రతి పేజీనీ గుర్తుపెట్టుకుని, మళ్లీ దిద్దు.

ప్రేమతో,
నీ అక్క