బత్తాయి ఆకులో నైట్రేట్ ఏమవుతుంది?

ఆకు పసుపు పడిందంటే నత్రజని తక్కువైందనుకుని వెంటనే ఎరువు వేస్తాం. అన్నిసార్లూ అది నిజం కాదండి.

పేడ, ఆచ్ఛాదన కుళ్ళినప్పుడు వచ్చే నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. వేర్లు దాన్ని నీళ్ళతో పాటు పీల్చుకుంటాయి. కొంత వేర్లలోనే మారిపోతుంది, మిగతాది ఆకుకి చేరుతుంది. అయితే నైట్రేట్ నైట్రేట్‌గానే ఉంటే చెట్టుకి తిండి కాదు. వడ్లు ఇంటికొచ్చినా దంచితేనే కదా అన్నం! ముందు నైట్రైట్‌గా, తర్వాత పత్రహరితం ఉన్నచోట అమ్మోనియాగా మారాలి. అది ఆకు చేసుకున్న చక్కెరల సాయంతో అమైనో ఆమ్లం అవుతుంది. ఇదంతా ఎండ బలంతో జరిగే పని. ముసురు పట్టినా, కొమ్మలు కిక్కిరిసి నీడ పడినా ఆకులో నైట్రేట్ పేరుకుపోతుంది. అప్పుడు ఇంకా ఎరువు వేసి ఏం లాభం?

మొదటి మార్పుకి మాలిబ్డినం కూడా రవ్వంత కావాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో నారింజ జాతి చెట్ల ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చేవి. కారణం చూస్తే, ఆమ్ల నేలలో మాలిబ్డినం అందకపోవడం! సున్నం ఉన్న నేలల్లో ఈ లోటు అరుదు; అక్కడ కొత్త ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పడితే ఇనుము వైపు చూడాలి. ముందు పీహెచ్ పరీక్ష చేయించండి. లోపలి కొమ్మలు ఎలా తీయాలో వీడియోలో చూడండి.