రేకుపనిలో ఏటవాలు కోత

హైదరాబాదు నుండి వరంగల్లునకు వచ్చు త్రోవలో, జనగామ సమీపమున పెంబర్తి గ్రామము కలదు. అచటి విశ్వకర్మలు ఇత్తడి రేకుపై బొమ్మలు తేల్చి దేవాలయ వాహనములకు తొడుగుటయందు ప్రసిద్ధులు. చదునైన రేకు గుండ్రని వస్తువును ఎట్లు చుట్టుకొనునో వారికి చేతివ్రేళ్ళే చెప్పును. నేడు ఇనుపరేకు పని నేర్చు మన యువకుల చేతికి కంప్యూటరు వచ్చినది. అయినను రేకు స్వభావము మారలేదు.

ధాన్యము తూర్పారబట్టు యంత్రమునకు మోచేయివలె వంగిన గాలిగొట్టము కావలెననుకొందము. రెండు గొట్టములను 45 డిగ్రీల వాలున కోసి అతికినచో సరియైన మూలమట్టపు మలుపు ఏర్పడును. గొట్టము వ్యాసము 14 సెంటీమీటర్లు. రేకు పలుచనిదైనచో చుట్టుకొలత 44 సెంటీమీటర్లు. రేకును పరచి, బద్దతో వాలుగీత గీచిన చాలదా యని పలువురు తలంతురు. చాలదు. చుట్టుకొలతను 12 సమభాగములు చేసి, పొట్టివైపు నుండి ఒక్కొక్క గీతపై ఎత్తు గుర్తించినచో వరుసగా 0, 0.94, 3.5, 7, 10.5, 13.06, 14 సెంటీమీటర్లు వచ్చును. పిమ్మట అదే లెక్కన దిగును. ఈ చుక్కలను కలిపిన గీత చెరువులోని అలవలె నుండును. అతుకును పొట్టివైపున నుంచుట మేలు. అతుకవలసిన పొడవు తగ్గును.

కంప్యూటరు ఈ చుక్కల శ్రమను తప్పించును. ఉచితముగా లభించు ఫ్రీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేరులోను రేకుపనికి తగిన సాధనములు కలవు. వృత్తమును పూర్తిగా మూయక, అతుకు చోట సన్నని సందు విడువవలెను. లేనిచో రేకు విప్పుకొనదు. తరువాత మందము నిచ్చి, ప్రక్కనుండి వాలుగీతతో కోసి, రేకును పరచుమని ఆజ్ఞ నిచ్చినచో అలగీత తెరపై తానే కనబడును.

చిక్కంతయు మందముతో వచ్చును. 3 మిల్లీమీటర్ల రేకుతో, వెలుపలి వ్యాసము 14 సెంటీమీటర్లుగా గొట్టము చుట్టవలెనన్న, మందము నడుమ నున్న వ్యాసము 13.7 సెంటీమీటర్లు. కావలసిన రేకు సుమారు 43 సెంటీమీటర్లే. వెలుపలి కొలతనే నమ్మి 44 కోసి, గొట్టము లావై ఎందులోను పట్టక, రేకును ఒక పూట కూలిని పోగొట్టుకొన్న కుఱ్ఱవానిని నేనెఱుగుదును.

మరియొక సంగతి. లేజరు కిరణము పరచిన రేకునకు నిట్టనిలువుగా దిగును; కనుక కోసిన అంచు చదరముగా నుండును. తెరపై మనము కోసిన అంచు మాత్రము వాలుగా నుండును. 45 డిగ్రీల కోతలో, మిక్కిలి పొడవైన చోట, వెలుపలి అంచు లోపలి అంచుకన్న 3 మిల్లీమీటర్లు ముందునకు పోవును. ఆ వెలుపలి కొలతతో నిలువుగా కోసినచో రెండు ముక్కలు లోపల ఢీకొని, మలుపు మూలమట్టమునకు రాదు. కావున పొడవువైపున లోపలి అంచు కొలతను, పొట్టివైపున వెలుపలి అంచు కొలతను గైకొనవలెను. అప్పుడు పొడవువైపున వెలుపల ఏర్పడు గాడి వెల్డింగునకు ఉపకరించును. పెక్కు సాఫ్ట్‌వేరులలో ‘నార్మల్ కట్’ అను వీలుండును. అది అంచును చదరము చేయును గాని, ఏ కొలతను పట్టినదో పనివాడే కొలిచి చూచుకొనవలెను.

రేకు కోయుటకు ముందు ఆ పరపు పటమును అసలు కొలతతో కాగితముపై అచ్చువేసి, కత్తిరించి, అట్టపై అంటించి చుట్టి చూడుడు. రెండు అట్టగొట్టములు గోడమూలలో సరిగా ఒదిగినచో పిదప రేకును యంత్రముపై నుంచవచ్చును.