లినక్సు కెర్నెలును, వెలుపలి నిల్వ డ్రైవరులును

సర్వరు తన సొంత డిస్కు చాలనప్పుడు వేఱుచోటనున్న నిల్వ యంత్రములలోని ఫైళ్లను తనవే యన్నట్లు వాడుకొనును. ఈ సౌకర్యమును గలిగించు భాగమునకు క్లయింటు డ్రైవరని పేరు. ఇది తఱచుగా లినక్సు కెర్నెలులో మాడ్యూలుగాఁ జేరి పనిచేయును. కెర్నెలును మార్చినప్పుడు ఈ మాడ్యూలేల మొరాయించునో యిచ్చట వివరింపఁ దలంచితిమి.

వాడుకరి ప్రోగ్రాముల విషయమున లినక్సు కెర్నెలు ఒక కట్టుబాటును పాటించుచున్నది. నిన్న నడచిన ప్రోగ్రాము నేఁటి కెర్నెలుపైనను నడువవలెను. లోపలి డ్రైవరులకు మాత్రమట్టి యభయము లేదు. ఫంక్షనుల పేర్లను, వాని కందింపవలసిన విలువలను, స్ట్రక్చరుల యమరికను ఎప్పుడైనను మార్చుదురు. ఇది మొండితనమని కొందఱందురు. మాకట్లు తోఁపదు, గోడ వంకరయైనచో పడఁగొట్టి కట్టుకొను స్వేచ్ఛ యింటివారికుండవలదా?

కెర్నెలు మూలములోనే చేరియున్న డ్రైవరులకు దీనివలన నిబ్బంది స్వల్పము. ఫంక్షనును మార్చువారే దానిని పిలుచు తావులన్నిటిని దిద్దుదురు. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటును, 2010లో 2.6.34వ కెర్నెలుతోఁ జేరిన సెఫ్ క్లయింటును ఇట్టివి. సూపర్ కంప్యూటర్లలో వాడుకనున్న లస్టర్ క్లయింటు కథ వేఱు. అది 2013లో 3.11వ కెర్నెలు పరిశీలనా విభాగమునఁ జేరెను గాని, 2018లో 4.18లోఁ దొలఁగింపఁబడెను. వెలుపల పెరుగు లస్టరు, తన్ను నిర్మించునపుడు ఎదుటి కెర్నెలులో నే ఫంక్షను ఏ రూపమున నున్నదో యొక్కొక్కటిగాఁ బరీక్షించి, తగిన కోడును ఎన్నుకొనును. ఒకే మూలము పలు కెర్నెలులకు సరిపడుట యీ శ్రమవలననే.

మాడ్యూలును చేర్చుకొనుటకు ముందు కెర్నెలు దానిని శోధించును. తాను ఏ కెర్నెలుకై నిర్మింపఁబడెనో తెలుపు ముద్ర ప్రతి మాడ్యూలులోను ఉండును. కొన్ని కెర్నెలులలో నొక్కొక్క ఫంక్షనునకు దాని రూపమునుండి లెక్కించిన సంఖ్యయు నుండును. ఇరువైపుల సంఖ్యలు కలియనిచో మాడ్యూలు త్రోసివేయఁబడును. ఈ నిరాకరణము మేలే. బలవంతముగాఁ జేర్చు మార్గమొకటి కలదు గాని, నిల్వ డ్రైవరు విషయమున దానిని త్రొక్కరాదు. స్ట్రక్చరులో నొక యంశము ఎనిమిది బైట్లు జరిగినను డ్రైవరు ఒకదానిని మఱియొకటిగాఁ జదివి, పరుల ఫైళ్లను సైతము పాడుచేయఁగలదు.

రెడ్ హ్యాట్ సంస్థ తన ఎంటర్‌ప్రైజ్ లినక్సు ప్రధాన సంచికలో ఎన్నిన కొన్ని ఫంక్షనులను మార్పకుండఁ గాపాడును. డ్రైవరు ఆ జాబితాను దాటనిచో పాత మాడ్యూలే నడచును. దాటినచో మరల నిర్మింపవలసి రావచ్చును. డెల్ సంస్థలోఁ బుట్టిన డీకేఎమ్‌ఎస్ అను సాధనము క్రొత్త కెర్నెలు వచ్చినపుడెల్ల ఈ పనిని తానే చేయును. అయితే ఆ కెర్నెలు హెడరు ఫైళ్లు లేనిచో అదియు నేమియుఁ జేయఁజాలదు.

అన్నిటికంటె గడ్డు ప్రమాదము నిశ్శబ్దముగా వచ్చును. క్రొత్త కెర్నెలుతో సర్వరు లేచినది, మాడ్యూలు చేరలేదు, నిల్వ మౌంటు కాలేదు. అయినను అది మౌంటు కావలసిన డైరెక్టరీ ఖాళీగా నచ్చటనే యుండును. ప్రోగ్రాములు ఎఱుఁగక దానిలోనే వ్రాయును. ఆ వ్రాఁత సర్వరు సొంత డిస్కుపైఁ బడును. మఱునాఁడు నిల్వ మౌంటైనప్పుడు ఆ ఫైళ్లు దాని మఱుఁగునఁ బడిపోవును. యజమానులు అవి పోయినవనియే తలంతురు. కావున ఆ ఖాళీ డైరెక్టరీకి మార్పరానిదను గుర్తు పెట్టుటయు, మౌంటు లేనిదే సేవ మొదలుకాకుండ సిస్టమ్‌డీలో నిబంధన చేర్చుటయు అవసరము. రీబూటు చేయుటకు ముందే క్రొత్త కెర్నెలు పేరు చెప్పి మోడ్‌ఇన్ఫో నడిగి, దానికి మాడ్యూలున్నదో లేదో చూడవలెను. లేనిచో నా రాత్రి పాత కెర్నెలుతోనే గడపవలెను.